బందరు రేవులో రెండు కంపెనీలు



పేపరు తెరిస్తే చాలు, బహుళజాతి కంపెనీలన్న మాట కనిపిస్తుంది. అదేదో వ్యాపారస్తులూ, ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్ళూ చూసుకునే వ్యవహారం, మనకెందుకులే అని పేజీ తిప్పేస్తూ వుంటాం. కాని పొద్దున్నే పళ్ళు తోముకునే పేస్టు మొదలుకొని, రాత్రి పిల్లల పాలలో కలిపే పొడి దాకా మన చేతిలోకి వచ్చే వస్తువుల్లో చాలా భాగం ఆ కంపెనీలవే కదా! మన ఇళ్ళల్లో అంత చనువుగా తిరిగేవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు మనం తెలుసుకోవద్దూ?

అటువంటి కంపెనీలకు ముత్తాతలని చెప్పదగ్గవి రెండున్నాయి. ఒకటి ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ, రెండోది డచ్చివారి ఈస్టిండియా కంపెనీ. ఈ రెండూ మన తెలుగుదేశంలోనే, మచిలీపట్నం రేవులో, మన నేతగాళ్ళు నేసిన బట్టకోసం తరతరాలు పోటీపడ్డాయి. ఆ పోటీ కథే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

కథలోకి వెళ్ళేముందు ఒక్క మాట. చీర కొనాలంటే మనం ఒక్క దుకాణంతో సరిపెట్టుకోం. హనుమకొండ చౌరస్తాలో ఒకచోట అడిగి, వరంగల్లు బజారులో ఇంకోచోట అడిగి, అప్పుడు బేరమాడతాం. అమ్మేవాళ్ళు ఇద్దరుంటే కొనేవాళ్ళకు మేలు. ఇది మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. దీన్నే కాస్త తిరగేసి చూడండి. కొనేవాళ్ళు ఇద్దరుంటే అమ్మేవాళ్ళకు మేలు. ఈ చిన్న సూత్రం జ్ఞాపకం పెట్టుకుంటే, బందరు కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ సూత్రం మన కాకతీయులకు బాగా తెలుసు. హనుమకొండ నుంచీ, ఆ తరవాత ఓరుగల్లు నుంచీ ఏలిన ఆ రాజులకు సముద్రం చాలా దూరం. అయినా గణపతిదేవ చక్రవర్తి తీరంలోని మోటుపల్లి రేవులో 1244–45లో ఒక శాసనం వేయించాడు. దాన్నే అభయశాసనం అంటారు. అంతకు పూర్వం తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్ని రాజులు దోచుకునేవారట. ఇకమీదట అలా జరగదు, ఏ దేశం వర్తకుడైనా నిర్భయంగా రావచ్చు, మేము తీసుకునే సుంకం ముప్పయ్యింట ఒక వంతు మాత్రమే అని ఆ శాసనం చెబుతుంది. ఎక్కువమంది వర్తకులు వస్తే మన సరుక్కు మంచి ధర వస్తుందన్నదే అందులోని కిటుకు. ఆయన కూతురు రుద్రమదేవి కాలం గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఈ రాజ్యంలో నేసే సన్నబట్టల్ని సాలెగూటితో పోల్చి మెచ్చుకున్నాడు. అంటే మన బట్టకు దేశాంతరాల్లో పేరు కంపెనీలు వచ్చాక వచ్చింది కాదు. ఆ పేరు విని కంపెనీలే వెతుక్కుంటూ వచ్చాయి.

సరే, ఆ కంపెనీలు ఎలా పుట్టాయో చూద్దాం.

ఇంగ్లీషు కంపెనీ పెద్దది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్తు రాణి దానికి పట్టా ఇచ్చింది. డచ్చి కంపెనీ 1602 మార్చిలో పుట్టింది. వయసులో ఏడాది చిన్నదే గాని, డబ్బులో అది చాలా పెద్దది. ఇంగ్లీషువాళ్ళు మొదటి ప్రయాణానికి పోగుచేసింది 68 వేల పౌన్ల చిల్లర. డచ్చివారి పెట్టుబడి 64 లక్షల గిల్డర్లు. ఆనాటి మారకంలో లెక్కకడితే దాదాపు ఎనిమిది పది రెట్లన్నమాట.

డబ్బులోనే కాదు, దాన్ని పోగుచేసిన పద్ధతిలో కూడా తేడా వుంది. ఇంగ్లీషువాళ్ళు మొదట్లో ఒక్కొక్క ప్రయాణానికి వేరుగా చందాలు వేసుకునేవారు. ఓడ తిరిగొచ్చాక లాభం పంచుకుని, మళ్ళీ కొత్తగా మొదలుపెట్టేవారు. మన చీటీ అయిపోగానే మళ్ళీ కొత్త చీటీ వేసుకున్నట్టు. డచ్చివారు అలా కాదు. ఒకసారి వేసిన డబ్బు కంపెనీలోనే వుండిపోతుంది. ఎవరికైనా అవసరమొస్తే తమ వాటాను ఇంకొకరికి అమ్ముకోవాలి తప్ప కంపెనీని అడగకూడదు. ఈనాటి షేర్ల బజారుకు మూలం అదే. ఇంగ్లీషు కంపెనీ ఆ పద్ధతికి రావడానికి 1657 దాకా పట్టింది.

ఇక్కడ మనకు నచ్చే ముచ్చట ఒకటుంది. ఆమ్‌స్టర్‌డాంలో ఆ వాటాల పుస్తకం ఒక డైరెక్టరుగారి ఇంట్లో తెరిచారు. గొప్పగొప్ప వర్తకులు వచ్చి వేలకు వేలు రాసి వెళ్ళారు. ఆఖరురోజున ఆ ఇంట్లో పనిచేసే నీల్ట్‌హెన్ కార్నెలిస్ అనే పనిమనిషి కూడా నూరు గిల్డర్లు రాయించింది. ప్రపంచపు మొదటి పెద్ద కంపెనీలో ఒక పనిమనిషి కూడా వాటాదారేనన్నమాట!

ఇంతకీ వీళ్ళకు కావలసింది మిరియాలూ, లవంగాలూ, జాజికాయా. అవి దొరికేది జావా, సుమత్రా, మలుక్కా దీవుల్లో. మరి బందరుకెందుకు వచ్చారంటారా? అక్కడే వుంది అసలు సంగతి. ఆ దీవులవాళ్ళకు యూరపు ఉన్నిబట్టలు అక్కరలేదు. వేడిదేశంలో ఉన్నిబట్ట ఎవరు కట్టుకుంటారు? వాళ్ళు కోరేది మన తెలుగుతీరపు నూలుబట్ట, చిరివేరుతో ఎర్రరంగు వేసిన అద్దకం బట్ట. బట్ట ఇస్తే లవంగాలిస్తాం అనేవారు. మలుక్కాలకు ఈ కోరమాండల్ తీరం ఎడమచెయ్యిలాంటిదని డచ్చి అధికారి బ్రౌవర్ 1612లోనే రాసుకున్నాడు. మన బట్ట లేనిదే వాళ్ళ లవంగం లేదు.

అందుకే డచ్చివారు 1605లో బందరుకొచ్చారు. మరుసటేడు గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర ఫర్మానా సంపాదించి, నూటికి నాలుగు సుంకం ఇచ్చేట్టు ఒప్పుకున్నారు. నిజాంపట్నంలో కూడా కొఠీ పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో వచ్చారు. మొదట పులికాట్‌లో దిగబోతే అక్కడున్న డచ్చివారు దిగనివ్వలేదు. అక్కణ్ణుంచి పైకొచ్చి బందరు చేరారు. ఆ ఓడలో వర్తకం చూసే ఇద్దరు పెద్దలు ఫ్లోరిస్, ఆంతూనిస్ అనేవాళ్ళు ఎవరనుకున్నారు? డచ్చివాళ్ళే! అంతకుముందు డచ్చి కంపెనీ కొలువులో ఈ తీరంలోనే పనిచేసి, ఇక్కడి లోతుపాతులన్నీ తెలుసుకున్నవాళ్ళు. ఎదుటి కంపెనీ పనివాణ్ణి మనవైపు లాక్కోవడం ఈనాటి కంపెనీలు కనిపెట్టిన విద్య కాదు, చూశారా!

ఆ తరవాత డేనులు వచ్చారు. ఫ్రెంచివారు 1669లో, మర్కారా అనే ఆర్మీనియా వర్తకుడి ద్వారా గోలకొండ ఫర్మానా పట్టుకుని వచ్చారు. వీళ్ళందరి జాడలూ ఇప్పటికీ బందరు పేటల పేర్లలో వున్నాయి. డచ్చివారున్నది వలందపాలెం, ఫ్రెంచివారున్నది పరాసుపేట, ఇంగ్లీషువారిది ఇంగ్లీషుపాలెం. వీళ్ళు కాక, వాళ్ళకన్న ముందునుంచీ వున్న పారశీక, అరబ్బు వర్తకులూ, మన తెలుగు కోమట్లూ, బలిజ సెట్లూ వుండనే వున్నారు. ఒక్క రేవులో ఇంతమంది కొనేవాళ్ళు!

మరి మన నేతగాడి సంగతేమిటి? ఆ కాలంలో కంపెనీ నేరుగా నేతగాడి దగ్గరకు వెళ్ళేది కాదు. నడుమ తెలుగు వర్తకుడుండేవాడు. అతను ముందుగా బయానా ఇచ్చేవాడు. నేతగాడు ఆ డబ్బుతో నూలు కొని, ఇల్లు గడుపుకుంటూ నేసి ఇచ్చేవాడు. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఇంకొకరు ఎక్కువ ధర ఇస్తామంటే, తీసుకున్న బయానా తిరిగిచ్చేసి ఒప్పందం వదులుకునే వీలు నేతగాడికి వుండేది. వర్తకుడికి మాత్రం అలా మాట తప్పే వీలు లేదు. గిట్టకపోతే నేతగాళ్ళు మగ్గాలతో సహా ఊరే మారిపోయేవారు. ఇవాళ ఇంగ్లీషుకొఠీ ధర తగ్గిస్తే, రేపు డచ్చికొఠీ వర్తకుడు గుమ్మంలో నిలబడతాడన్న ధైర్యం వుండేది. అలాగని అదంతా స్వర్ణయుగమని నేననడం లేదు. కరువొస్తే మొదట పస్తులుండేది నేతగాడే. కాని తన వస్తువుకు తాను ధర చెప్పుకునే నోరు మాత్రం అతనికి వుండేది.

ఆ మగ్గం వెనక ఆడవాళ్ళున్నారని మరిచిపోకూడదు. దక్కను లోపలి నుంచి పత్తిని లంబాడీలు ఎద్దులమీద తీరానికి తోలుకొచ్చేవారు. దాన్ని రాట్నాలమీద వడికింది ఆడవాళ్ళే. ఆసు పోసిందీ, కండెలు చుట్టిందీ ఆడవాళ్ళే. ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే ఎన్నో రాట్నాలు తిరగాలి. బందరులో ఎక్కిన ప్రతి బట్టల మూటలోనూ ఎందరో తల్లుల చేతిపని వుంది.

ఈ రెండు కంపెనీలకూ మొదటి పెద్ద పోట్లాట 1623లో, మలుక్కాల దగ్గర అంబోయినా దీవిలో జరిగింది. డచ్చివాళ్ళు అక్కడి ఇంగ్లీషు వర్తకుల్ని పట్టి, కుట్ర చేశారని చెప్పి పదిమంది తలలు కొట్టించారు. దానితో ఇంగ్లీషువారికి ఆ దీవులమీద ఆశ తగ్గింది. మసాలా దినుసుల పెత్తనం డచ్చివారిది, ఇంగ్లీషువారికి మిగిలింది ఇండియా అన్నట్టయింది. చూడబోతే ఆనాడు ఓడిపోయింది ఇంగ్లీషు కంపెనీయే. కాని ఆ ఓటమే దానికి కలిసొచ్చింది.

ఎలాగంటారా? మిరియాలూ లవంగాలూ యూరపులో ఎంతని తింటారు? బట్ట సంగతి అలా కాదు. మన చీటిగుడ్డలూ, పువ్వుల పలంగుపోషులూ లండన్ చేరేసరికి అక్కడి ఆడవాళ్ళు వెర్రెత్తిపోయారు. ఉతికినా వెలవని రంగు వాళ్ళెప్పుడూ చూసింది కాదు. దొరసానులూ కట్టారు, వాళ్ళ పనిమనుషులూ కట్టారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొల్లుమన్నారు. ఫ్రాన్సు 1686లో మన అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట మడపొల్లంగా మారి, ఒక రకం బట్టకే పేరైపోయింది. ఆ మాట ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో వుంది.

ఇంకో బజారు కూడా వుంది, చెప్పుకోవడానికి బాధగా వుంటుంది. మన తీరంలో నేసిన నీలిబట్టను ‘గినీ గుడ్డ’ అని ఆఫ్రికాకు తీసుకుపోయి, దానికి బదులుగా మనుషుల్ని కొని బానిసలుగా అమెరికాకు తరలించేవారు. నేసిన చేతికి ఆ సంగతి తెలియదు. వస్తువు మన గడప దాటాక ఎక్కడికి పోతుందో కంపెనీకి తప్ప ఎవరికీ తెలియకపోవడం అప్పటినుంచే మొదలయింది.

ఇంగ్లీషువారికి బందరులో 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏటా 500 వరహాలు కడితే ఇక సుంకం పట్టింపు లేదు. అయినా డచ్చివారి పోటీ, స్థానిక అధికారుల ఒత్తిడీ వాళ్ళను నిలవనివ్వలేదు. తమదంటూ ఒక కోట వుండాలని 1639లో దామెర్ల నాయకుల దగ్గర ఒక ఇసుకతిన్నె పుచ్చుకున్నారు. అదే చెన్నపట్నం. అక్కడ వాళ్ళకు బట్ట సమకూర్చిన బేరి తిమ్మన్న, కాశీ వీరన్న తెలుగు వర్తకులే.

రెండు వందల ఏళ్ళలో డచ్చి కంపెనీ ఆసియాకు పంపిన ఓడలు నాలుగువేల ఏడువందల పైచిలుకు. ఇంగ్లీషువారివి అంతకన్న చాలా తక్కువ. అయినా ఆఖరికి నిలబడింది ఇంగ్లీషు కంపెనీయే. డచ్చివారు తమ బలమంతా మసాలా దీవుల్ని కాపలా కాయడానికి ఖర్చుపెట్టారు. కోటలూ, సైన్యాలూ ఆదాయాన్ని తినేశాయి. పైకి పెద్ద ఇల్లు, లోపల అప్పులు. 1780లో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం వచ్చింది. 1781లో నాగపట్నం పోయింది. చివరకు 1799 ఆఖరురోజున ఆ కంపెనీయే లేకుండా పోయింది.

ఇంగ్లీషు కంపెనీ ఇంకో దారి పట్టింది. 1759లో ఫ్రెంచివారి దగ్గర్నుంచి బందరు లాక్కుంది. 1765–66లో మొగలు పాదుషా ఫర్మానాతో, నిజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు దాని చేతికొచ్చాయి. అంటే బందరు మొదలు ఉత్తరాన గంజాం దాకా రైతులు కట్టే శిస్తు కంపెనీదే. ఇంతకాలమూ బట్ట కొనాలంటే ఓడల్లో వెండి తేవలసివచ్చేది. ఇప్పుడు మన శిస్తుతోనే మన బట్ట కొనుక్కోవచ్చు! వర్తకుడే దొర అయ్యాడు, దొరే వర్తకుడయ్యాడు.

అప్పుడు కొనేవాడు ఒక్కడే మిగిలాడు. కంపెనీ బయానా పుచ్చుకున్న నేతగాడు ఇంకొకరికి నెయ్యకూడదన్నారు. మగ్గం దగ్గర బంట్రోతును కాపలా పెట్టారు, వాడి బత్తెం కూడా నేతగాడే ఇచ్చుకోవాలి. ధర కంపెనీదే, తప్పొప్పులు ఎంచేదీ కంపెనీయే. ఊరు మారదామంటే ఎటు చూసినా ఆ కంపెనీ రాజ్యమే. 1800 ప్రాంతాల్లో గోదావరి, విశాఖ ప్రాంతాల నేతగాళ్ళు పని మానేశారు, గుంపులుగా వెళ్ళి అర్జీలు పెట్టుకున్నారు. వినేవాడూ ఆ కంపెనీ కలెక్టరే అయ్యాడు.

1813లో కంపెనీకి ఇండియా వర్తకం మీద గుత్తహక్కు పోయింది. అప్పుడైనా మేలు జరిగిందా అంటే, ఈసారి ఇంగ్లండు మిల్లుల బట్టా, మిల్లునూలూ వచ్చిపడ్డాయి. మగ్గం ఎలాగో కొన్నిచోట్ల ఆడింది గాని, రాట్నం ఆగిపోయింది. నూలు వడికి నాలుగు డబ్బులు కళ్ళచూసే ఆడవాళ్ళకు, ముఖ్యంగా దిక్కులేని వితంతువులకు, ఆ ఆధారం పోయింది. చరిత్ర పుస్తకాల్లో యుద్ధాల తారీఖులుంటాయి గాని, రాట్నం ఆగిన తారీఖు వుండదు. ఆ కంపెనీ కూడా చివరకు 1874లో రద్దయిపోయింది.

మన ఊరి సంగతికొద్దాం. 1851లో లండన్ మహాప్రదర్శనలో మన ఓరుగల్లు తివాచీలు పెట్టి మెప్పు పొందారు. 1934లో ఏడో నిజాం కాలంలో ఆజంజాహి మిల్లు వచ్చింది. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్ళి, 2002లో పూర్తిగా మూతపడింది. కొత్తవాడలో షత్రంజీల మగ్గాలు ఆడుతూనే వున్నాయి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేశారు. కొరియా కంపెనీ యంగ్‌వన్, కేరళ కంపెనీ కిటెక్స్ అక్కడ పెట్టుబడి పెట్టాయి. కుట్టుమిషను ముందు కూర్చునేది ఎక్కువగా ఆడపిల్లలే. అటువంటి కంపెనీ ఒక్కటే వుంటే అది ఇచ్చిందే జీతం. నాలుగుంటే మన పిల్ల కూడా ‘అక్కడ ఇంత ఇస్తున్నారు’ అని అడగగలదు. బందరు నేతగాడి సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

ఇక మన వంటింటి అలమర. ఆనాడు తలలు కొట్టుకున్న ఇంగ్లీషు, డచ్చి వర్తకుల వారసులు తరవాత ఏం చేశారో తెలుసా? 1929లో ఇంగ్లండులోని లీవర్ సబ్బుల కంపెనీ, హాలండులోని మార్గరిన్ కంపెనీ కలిసి ఒకటయ్యాయి. అదే యూనిలీవర్. రెండింటికీ కావలసిన ముడిసరుకు ఒక్కటే, నూనెలూ కొవ్వులూ. పోటీపడి కొని ధర పెంచుకోవడమెందుకని చెయ్యి కలిపారు. మన దేశంలో దాని శాఖే హిందుస్థాన్ యూనిలీవర్.

ఈ కంపెనీ 1959లో సర్ఫ్ తెచ్చినప్పుడు దానికి గట్టి పోటీ లేదు. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అనే ఆయన ఇంట్లో పొడి కలిపి, సైకిలు మీద తిరిగి అమ్ముతూ నిర్మా మొదలుపెట్టాడు. సర్ఫ్ ధరలో మూడోవంతు కన్న తక్కువకే ఇచ్చాడు. అది దేశమంతా పాకేసరికి, 1980ల చివర్లో అంత పెద్ద కంపెనీ కూడా దిగివచ్చి వీల్ అనే చవక పొడిని దేశమంతటా అమ్మకానికి పెట్టవలసివచ్చింది. అమ్మేవాళ్ళు ఇద్దరయ్యేసరికి మనకు మేలు జరిగింది.

అయితే ఒక జాగ్రత్త చెబుతాను. దుకాణంలో రెండు పేర్లు కనిపించినంత మాత్రాన ఇద్దరు వర్తకులున్నారనుకోవద్దు. లక్స్, లైఫ్‌బాయ్, పియర్స్, హమామ్ అన్నీ ఒక్క కంపెనీ సబ్బులే. సర్ఫ్ ఎక్సెల్, రిన్, వీల్ కూడా ఆ ఇంటివే. హార్లిక్స్ మానేసి బూస్టు కొన్నామనుకోండి, 2020 నుంచీ అవి రెండూ ఆ కంపెనీవే. వస్తువు మంచిదా కాదా అన్నది వేరే మాట. మనం దుకాణం మారామనుకుంటున్నాం గాని, మారింది అట్టపెట్టె మాత్రమే.

కాబట్టి ఈసారి సరుకులు తెచ్చుకున్నప్పుడు పొట్లం తిరగేసి వెనక సన్నక్షరాల్లో వున్న కంపెనీ పేరు చదవండి. అలమరలోని వస్తువులన్నీ ఎన్ని కంపెనీలవో పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి. అలాగే మన కొత్తవాడ షత్రంజీయో, పెడన కలంకారీ దుప్పటియో కొనవలసివచ్చినప్పుడు, వీలైతే నేసినవాళ్ళ దగ్గరో, అద్దినవాళ్ళ దగ్గరో, వాళ్ళ సంఘం దగ్గరో కొనండి. వాళ్ళకు కొనేవాళ్ళు ఇంకొకరు పెరిగినట్టవుతుంది. ఆ ఇంకొకరు వున్నన్నాళ్ళే బందరు నేతగాడు తల ఎత్తుకుని బేరమాడాడు.



(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)